ఆపరేషన్ అయ్యాక మోషన్ రాకపోతే: నోరు విప్పి చెప్పాల్సిన సంగతులు

(హైదరాబాద్ మల్కాజిగిరిలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆపరేషన్లు అయినవాళ్ళూ వాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళూ కలుసుకున్నప్పుడు ఒక రిటైర్డ్ టీచర్ మాట్లాడిన మాటలకు అక్షర రూపం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వాళ్ళకి వినపడుతోంది కదా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంటే చెయ్యెత్తండి, కాస్త గట్టిగా మాట్లాడతాను.

నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. గర్భసంచి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఏళ్ళ తరబడి మలబద్ధకంతో బతుకుతున్నదాన్ని. డాక్టర్లని అడిగి, పరీక్షలు చేయించుకుని, చదివి తెలుసుకున్నవి మీతో చెప్పుకుందామని వచ్చాను. మందుల పేర్లు కూడా చెబుతాను. అవి మీరు కొనుక్కోవడానికి కాదు, మీ డాక్టర్ని అడగడానికి పనికొస్తాయని.

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన ప్రతి డాక్టరూ, ప్రతి సిస్టరూ "గ్యాస్ పోయిందా అమ్మా?" అని అడుగుతారు. పోయిందంటే వాళ్ళ మొహాలు తేటపడతాయి, ఎందుకంటే పేగులు మళ్ళీ కదలడం మొదలైందని దానికి అర్థం. ఇంక డిశ్చార్జ్ చేసి పంపిస్తారు. ఆ తర్వాత ఎవరూ అడగరు. కుట్ల సంగతి అడుగుతారు, జ్వరం అడుగుతారు, బీపీ షుగర్ అడుగుతారు, మోషన్ ఎలా ఉందని మాత్రం ఇంట్లోవాళ్ళు కూడా అడగరు, మనమూ చెప్పం. నాకిచ్చిన డిశ్చార్జ్ కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. వారం రోజులు అవస్థ పడి, కడుపు రాయిలా బిగుసుకుపోయి, అన్నం సయించక, అప్పుడు చెబుతాం, అది కూడా డాక్టరుకి కాదు, సందు చివర మెడికల్ షాపు అబ్బాయికి.

ముందు ఎందుకు వస్తుందో చెప్పుకుందాం, ఎందుకంటే కారణం తెలిస్తే సగం భయం పోతుంది. మత్తుమందు పేగుల కదలికని నెమ్మదింపజేస్తుంది. కడుపు కోసి చేసిన ఆపరేషన్ అయితే పేగుల్ని పక్కకి జరపాల్సి వస్తుంది కాబట్టి అవి కొన్నాళ్ళు ముడుచుకున్నట్టే ఉంటాయి. మంచం మీద పడుకునే ఉండటం, నీళ్ళు తక్కువ తాగడం, సరిగ్గా తినకపోవడం, ఇవన్నీ తోడవుతాయి. కానీ అసలు పెద్ద కారణం నొప్పి మాత్రలు. అన్నీ కాదు. పారాసిటమాల్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు. ట్రమడాల్, కోడీన్, మార్ఫిన్ లాంటివి మెదడులో నొప్పిని ఆపినట్టే పేగుల్లో కదలికనీ ఆపుతాయి. వాటిలో ఇంకో గుణం ఉంది: వికారం, మగత లాంటివి రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి గానీ మలబద్ధకం తగ్గదు, మాత్ర వాడినన్నాళ్ళూ ఉంటుంది. అందుకే అలాంటి మాత్ర రాసినప్పుడే విరేచనం మందు కూడా రాయమని మొదటి రోజే అడగాలి. వాంతులు ఆగడానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా పేగుల్ని బిగిస్తుంది. రక్తం తక్కువుందని ఇచ్చే ఐరన్, ఎముకలకి ఇచ్చే కాల్షియం, రెండూ అంతే. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి ఈ నాలుగూ ఒకే చీటీ మీద ఉండొచ్చు, ఒకసారి తీసి చూసుకోండి. మీ అంతట మీరు ఏదీ మానెయ్యొద్దు, చీటీ పట్టుకెళ్ళి "ఇందులో మలబద్ధకం చేసేది ఏది, మార్చొచ్చా?" అని అడగండి. చాలావరకు మార్చడానికో తగ్గించడానికో వీలుంటుంది.

ఇంక మన ఇళ్ళల్లో పథ్యం సంగతి. ఇది కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెట్టరు, చీము పడుతుందని. వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఆకుకూర వద్దు, పండు తింటే జలుబు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందట, బాలింతలకైతే దాహమైనా తాగనివ్వరు. ఇంకేం మిగిలింది? బ్రెడ్డు, పాలు, ఇడ్లీ, మెత్తటి అన్నంలో చారు, కారప్పొడి, పెరుగన్నం. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు, మా అత్తగారూ అలాగే పెట్టింది. కానీ పప్పుకీ చీముకీ ఏ సంబంధమూ లేదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పులో ఉండే ప్రోటీన్ పుండు మానడానికే కావాలి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్.ఐ.ఎన్., 2017లో మన దేశపు తిండి పదార్థాల్లో ఏమేం ఉన్నాయో లెక్కగట్టి పట్టికలు వేసింది. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో పీచు 3 గ్రాములు కూడా లేదు, జొన్నల్లో 10, రాగుల్లో 11 దాకా ఉంది. రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి 30 గ్రాముల పీచు కావాలని కూడా వాళ్ళే చెబుతున్నారు. బ్రెడ్డూ చారన్నంతో ఆ ముప్ఫై ఎక్కడ వస్తుంది చెప్పండి?

పేగుల ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం సర్జన్ చెప్పేదాకా పీచు జోలికి పోవద్దు, వాళ్ళకి కొన్ని వారాలు తక్కువ పీచు తిండే పెట్టాల్సి రావొచ్చు. మిగతావాళ్ళు జొన్న రొట్టె, తోటకూర పప్పు, బీరకాయ, చిక్కుడు, బొప్పాయి, జామకాయ, నానబెట్టిన అంజీర్, నల్ల ఎండుద్రాక్ష, ఇవన్నీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కరోజే గిన్నెడు తింటే గ్యాస్‌తో కడుపు ఉబ్బి "ఇది నాకు పడదు" అనుకుని మానేస్తారు. పీచు పెంచినప్పుడు నీళ్ళూ పెంచాలి. గుండె వీక్‌గా ఉన్నవాళ్ళు, కిడ్నీ పేషెంట్లు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టర్ని అడిగే తాగాలి. ఇంకో మాట, ట్రమడాల్ లాంటి మాత్రలు నడుస్తున్నప్పుడు పీచు ఒక్కటే పని చెయ్యదు, పేగు కదలనప్పుడు ఎంత నింపితే అంత పేరుకుపోతుంది. ఇసబ్‌గోల్ కూడా అంతే, గ్లాసు నిండా నీళ్ళు లేకుండా వేసుకుంటే లోపల గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

టైము గురించి చెబుతాను. పొద్దున లేచాక, మళ్ళీ ఏదన్నా తిన్నాక, పెద్దపేగు దానంతటదే కదులుతుంది. ప్రకృతి ఇచ్చిన సమయం అది. మరి మన నగరంలో ఆ సమయంలో ఏం జరుగుతోంది? నల్లా వచ్చే టైమని బిందెలు పట్టుకుంటాం, పిల్లల బాక్సులు, స్కూలు బస్సు, ఆఫీసు క్యాబ్. రెండు గదుల పోర్షన్‌లో ఒకే బాత్రూమ్, లోపలికెళ్ళి రెండు నిమిషాలు కాకుండానే ఎవరో తలుపు కొడతారు. వచ్చిన మోషన్‌ని ఆపుకుంటాం. ఆపినప్పుడల్లా అది వెనక్కి వెళ్ళి, అందులోని నీరు పేగు పీల్చుకుని, ఇంకా గట్టిపడుతుంది. ఏళ్ళ తరబడి ఆపుకుంటే వస్తోందన్న సంగతి చెప్పే గుణమే మొద్దుబారుతుంది. నేను టీచర్‌గా పనిచేసినన్నాళ్ళూ చూశాను, స్కూల్లో బాత్రూమ్ బాగోదని నీళ్ళే తాగని టీచర్లు ఎంతమందో. బస్సుల్లో తిరిగే ఆడవాళ్ళదీ అదే కథ. ఇది మన అలవాటు తప్పని నేను అనను, ఊళ్ళో ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళగలిగే బాత్రూములు లేకపోవడం తప్పు.

కాబట్టి ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి. ఆపరేషన్ అయిన మనిషికి టిఫిన్ తిన్న పావుగంటకో అరగంటకో బాత్రూమ్ ఖాళీగా ఉంచాలి, తలుపు కొట్టకూడదు. వాళ్ళు కూడా పది నిమిషాలకి మించి కూర్చోవద్దు. ఫోన్ తీసుకెళ్ళొద్దు, గంటలు గంటలు కూర్చుంటే పైల్స్ వస్తాయి. రాకపోతే లేచి వచ్చెయ్యండి, రేపు మళ్ళీ అదే టైముకి. గట్టిగా ముక్కొద్దు. కడుపు మీద కుట్లున్నవాళ్ళకి హెర్నియా వచ్చే అవకాశం ఉంటుంది, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ముక్కేటప్పుడు బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ళ కింద చిన్న స్టూల్ వేసుకుంటే మోకాళ్ళు నడుముకన్నా పైకి వస్తాయి, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. మన పాత పద్ధతిలో గొంతుక్కూర్చోవడంలో ఉన్న సుఖం ఇదే.

మందుల దగ్గరికి వస్తే ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి: ఒక్కో మందుకి ఒక్కో టైము. లాక్టులోజ్ సిరప్ పనిచెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నీళ్ళలో కలుపుకునే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఒకటి నుంచి మూడు రోజులు. బిసాకోడిల్ మాత్ర రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో, అంటే తెల్లారేసరికి. గ్లిజరిన్ బిళ్ళ కింద నుంచి పెట్టుకుంటే ఒక గంటలోపు. ఇది తెలియక ఏం చేస్తారంటే, పొద్దున సిరప్ తాగుతారు, సాయంత్రానికి రాలేదని మాత్ర వేస్తారు, మర్నాడు ఎనిమా, అంటే కింద నుంచి మందు నీళ్ళు ఎక్కించడం, చేయించుకుంటారు, అప్పుడు మూడూ కలిసి ఒకేసారి పనిచేసి మనిషి వడిలిపోతాడు. పేగు మొత్తం ఖాళీ అయ్యాక మళ్ళీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది, అది సహజం. ఆ రెండు రోజులు రాలేదని మళ్ళీ టెన్షన్, మళ్ళీ మాత్ర. ఈ చక్రంలో పడి నలిగిపోతున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఒక మందు మొదలుపెడితే దాని టైము దానికి ఇవ్వండి, ఒక డైరీలో రాసుకోండి.

డైరీలో ఏం రాయాలి అంటే, ఎప్పుడు వచ్చింది, ముక్కాల్సి వచ్చిందా, ఎలా ఉంది. 1997లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ డాక్టర్లు ఒక పట్టిక ప్రచురించారు, మలాన్ని ఏడు రకాలుగా విడదీసి బొమ్మలు వేశారు. ఒకటో రకం మేక పెంటికల్లా విడివిడిగా గట్టిగా ఉండేది, ఏడోది పూర్తిగా నీళ్ళు. మూడు, నాలుగు మంచివి. డాక్టరు దగ్గర సిగ్గుగా ఉంటే "నాది ఒకటో నంబరు సార్" అనండి చాలు, వాళ్ళకి అర్థమవుతుంది.

"అలవాటు పడిపోతాం మేడమ్" అని మందంటేనే భయపడేవాళ్ళున్నారు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే పేగు పాడవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఇందాక చెప్పిన నీళ్ళలో కలుపుకునే పొడి లాంటివి నెలల తరబడి వాడాల్సినవాళ్ళు వాడుతూనే ఉన్నారు. విచిత్రమేమిటంటే, ఇంగ్లీషు మందుకి భయపడేవాళ్ళే "ఆయుర్వేదం కాబట్టి ఏమీ కాదు" అని డబ్బా చూర్ణం రోజూ చెంచాడు మింగుతారు. ఆ డబ్బా వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో సునాముఖి ఉంటుంది. అది కూడా పేగుని పిండి కదిలించే మందే, బిసాకోడిల్‌కి చుట్టం. వాడకూడదని కాదు, వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పాలి. ఆముదం మాత్రం పచ్చి కుట్లున్నప్పుడు మీ అంతట మీరు తాగొద్దు, కడుపులో మెలిపెట్టేస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మెగ్నీషియం ఉన్న తెల్ల సిరప్పులు, ఫాస్ఫేట్ ఎనిమాలు అడగకుండా వాడొద్దు, అది ప్రాణం మీదకి రావొచ్చు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చిన మాట. మలబద్ధకం అన్నది ఒకటే జబ్బు కాదు. నెలలు గడిచినా, నొప్పి మాత్రలు మానేసినా, పండ్లు నీళ్ళు నడక అన్నీ చేసినా రాకపోతే, ఇంకో సిరప్ మార్చడం కాదు చెయ్యాల్సింది, ఏ రకమో తెలుసుకోవాలి. థైరాయిడ్ తగ్గితే వస్తుంది, షుగర్ వల్ల వస్తుంది, ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కుంటే వస్తుంది. ఇవి కావని తేలాక రెండు దారులున్నాయి. ఒకటి, పెద్దపేగు నెమ్మదిగా నడవడం. దానికి ఒక పరీక్ష ఉంది, ఎక్స్‌రేలో కనపడే 24 చిన్న రింగులున్న క్యాప్సూల్ మింగిస్తారు, ఐదో రోజు ఎక్స్‌రే తీస్తారు, ఐదుకన్నా ఎక్కువ ఇంకా లోపలే ఉంటే పేగు నెమ్మదిగా ఉన్నట్టు. వీళ్ళకి పీచు ఎక్కువైతే ఇంకా బాధ. ప్రూకలోప్రైడ్ లాంటి వేరే మందులు ఇస్తారు.

రెండోది నాది. పేగు బాగానే తెచ్చి వాకిట్లో పెడుతుంది, తలుపు తెరుచుకోదు. మనం తోసినప్పుడు మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు వదులవ్వాలి. కొందరికి వదులవ్వడానికి బదులు బిగుసుకుంటాయి. పైల్స్ ఆపరేషనో, కాన్పులో కుట్లో, కింది భాగంలో ఏదైనా ఆపరేషనో అయ్యాక నొప్పికి భయపడి బిగబట్టీ బిగబట్టీ శరీరానికి అదే అలవాటవుతుంది. మనకి తెలియదు, మనం తోస్తున్నామనే అనుకుంటాం. మానోమెట్రీ అని మలద్వారంలో సన్నటి గొట్టం పెట్టి ఒత్తిడి కొలుస్తారు, అక్కడే చిన్న బెలూన్ పెట్టి 50 మిల్లీలీటర్ల నీళ్ళు నింపి బయటికి తొయ్యమంటారు. మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ రోజు నాకు రాలేదు. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను గానీ, తెర మీద నా కండరం గీత పైకి లేవడం చూశాక ఏడుపొచ్చింది, బాధతో కాదు. ఇన్నేళ్ళు "నువ్వు నీళ్ళు తాగవు, నువ్వు నడవవు, అంతా నీ మనసులోనే ఉంది" అని విన్నాను కదా, కారణం కళ్ళ ముందు కనపడింది.

దానికి చికిత్స మాత్ర కాదు, బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ. తెర మీద గీత చూస్తూ, పొట్టతో ఊపిరి తీసుకుంటూ, ఎక్కడ వదలాలో నేర్పిస్తారు. ఈ రకం వాళ్ళలో పదిమందిలో ఏడుగురి దాకా మెరుగవుతారని పరిశోధనల్లో తేలింది. మన హైదరాబాద్‌లో పెద్ద గ్యాస్ట్రో విభాగాల్లో ఈ పరీక్షలు చేస్తారు, పెల్విక్ ఫ్లోర్, అంటే పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు, చూసే ఫిజియోథెరపిస్టులూ ఉన్నారు. అడగాలి, అంతే. గర్భసంచి తీసేసిన ఆడవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దేశమంతా కలిపి చూస్తే 3 శాతం, ఇక్కడ 8 శాతం దగ్గర. అందరికీ ఈ ఇబ్బంది వస్తుందని కాదు. వచ్చినవాళ్ళు ఇంట్లో నలుగురిలో చెప్పుకోలేక పెళ్ళిళ్ళు మానేసి, ఊరికి వెళ్ళడం మానేసి, కూతురింటికి కూడా వెళ్ళకుండా కూర్చుంటున్నారే, వాళ్ళ కోసం అడుగుతున్నాను: కోడళ్ళు, కొడుకులు, భర్తలు, మీరు ముందు అడగండి. "మోషన్ సరిగ్గా అవుతోందా?" అని అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడగండి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం సిరప్పులూ డైరీలూ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి పోవాలి. గ్యాస్ కూడా పోకపోవడం, కడుపు ఉబ్బిపోవడం, వాంతులు, ఆగని నొప్పి, జ్వరం. అప్పుడు విరేచనం మందు అస్సలు వెయ్యొద్దు, పేగు ఎక్కడైనా మూసుకుపోయి ఉండొచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష, అవసరమేమో అడగాలి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండి అన్నగారూ.

(ఒక శ్రోత: తుంటి ఎముక మార్చారండీ నాకు. స్టూల్ వేసుకోవచ్చా?)

మంచిగా అడిగారు. తుంటి మార్చినవాళ్ళు మీ సర్జన్ని అడగకుండా స్టూల్ వెయ్యొద్దు, నడుము దగ్గర 90 డిగ్రీలకన్నా ఎక్కువ వంగితే కీలు జారే ప్రమాదం ఉంది కొన్నాళ్ళు. మీకు ఎత్తు కమోడ్ సీటే మంచిది. దానికి బదులు పొట్ట వదులుగా పెట్టి నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం చెయ్యండి, విరేచనం మందు సంగతి డాక్టరుతో మాట్లాడండి. మోకాలు మార్చినవాళ్ళైతే ఫిజియోథెరపిస్ట్ ఎంత వంచొచ్చన్నారో అంతవరకే.

అమ్మా, మీరు.

(ఇంకో శ్రోత: టీచరమ్మా, మా అత్తమ్మకి మోకాలి ఆపరేషనై మూడు వారాలు. ముందు మోషనే లేదు, ఇప్పుడేమో నాలుగు రోజుల నుంచి నీళ్ళలాగా కారుతోంది, బట్టల్లో అయిపోతోంది. విరేచనాలు ఆగడానికి మాత్ర వేస్తున్నాం.)

ఆ మాత్ర ఇవాళ వెయ్యకండమ్మా. ముందు చాలా రోజులు రాకుండా ఉండి తర్వాత నీళ్ళలా కారుతోందంటే, కింద గట్టి ముద్ద అడ్డం పడి దాని పక్కనుంచి పైనున్న నీళ్ళ మలం కారుతూ ఉండొచ్చు. బయటికి విరేచనాల్లా కనపడుతుంది, లోపల మలబద్ధకమే. ఆపే మాత్ర వేస్తే ముద్ద ఇంకా బిగుస్తుంది. డాక్టరు గ్లవ్ వేసుకుని వేలితో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, కొన్నిసార్లు ఎక్స్‌రే కావాలి. ముద్ద ఉంటే ఎనిమాతోనో చేత్తోనో మెత్తబరిచి తీస్తారు, ఇంట్లో మీరు ప్రయత్నించొద్దు. మూత్రం సరిగ్గా వస్తోందా ఆవిడకి? తక్కువగా వస్తోందా, అయితే ఆ మాట కూడా తప్పకుండా చెప్పండి, ముద్ద నొక్కితే మూత్రం కూడా ఆగుతుంది. రేపటి దాకా ఆగకండి. ఇక్కణ్ణుంచి ఇంటికెళ్ళి, డిశ్చార్జ్ కాగితం, వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని, ఇవాళే తీసుకెళ్ళండి. ఆవిడ సిగ్గుపడి రానంటే నాకు ఫోన్ కలపండి, నేను మాట్లాడతాను.